పెళ్ళిరొట్టె ముట్టని చేతులు

చిరంజీవి యారెమాకు, వెర్బివ్కా నుంచి వసిలీనా దీవించి రాస్తున్నది.

ఇక్కడ ఉన్నవాళ్ళం క్షేమం. ఉన్నవాళ్ళమంటే నేను, మేక, పిల్లి. "అందరం క్షేమం" అని రాయడానికి నా బిడ్డ మార్క్యాన్ పోయినప్పటి నుంచి చేయి రావడం లేదు. అక్కడ నువ్వూ, నీతో కందకంలో ఉన్న పిల్లలూ తడవకుండా, తిండి మానకుండా ఉన్నారని తలుస్తాను. మేము అల్లిన వలలు మీ దగ్గరికి తీసుకెళ్ళే వ్యాను గురువారం బయలుదేరుతుందట. ఈ ఉత్తరం అందులో పంపిస్తున్నాను. ఫోనులో అయితే నేను ఏడుస్తాను, నువ్వు మాట్లాడకుండా ఊరుకుంటావు, ఇద్దరికీ ఏమీ తెలియదు. నా చదువు ఎనిమిదో తరగతితో సరి, ఆ తర్వాత అంతా చక్కెరదుంపల చేలే. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

ముందుగా ఒక మాట. "గౌరవనీయులైన వసిలీనా గారికి" అని రాశావు. నేనేమన్నా మంత్రినా? మళ్ళీ నువ్వే చివర్లో "మిమ్మల్ని ఏమని పిలవాలో తెలియక అలా రాశాను, ఏమని పిలవమంటారు?" అని అడిగావు. ఆలోచిస్తున్నాను. ఈ ఉత్తరం ముగిసేలోపు చెబుతాను.

నువ్వు అడిగినవి ఒక్కొక్కటీ చెబుతాను. చెట్లకు తెగులు రాకుండా నీలిమందు చల్లారా అన్నావు, గులాబీరంగు మొగ్గలు రాకముందే చల్లాను, ఆప్రికాట్ చెట్టు ఈసారి మంచుకు దొరకలేదు, పూత తెల్లగా నిలబడింది. రక్తపోటు మాత్రలు వేసుకుంటున్నాను. ఒక్కో రోజు మరిచిపోతాను, అప్పుడు తల చెబుతుంది. పొయ్యి గొట్టం ఇంకా ఇంట్లోకే పొగ చిమ్ముతోంది. మార్క్యాన్ చివరి సెలవులో వచ్చినప్పుడు తుడుస్తానని ఇంటికప్పు ఎక్కి, సగం తుడిచి, అక్కడే ఆగి నీకు ఫోన్ చేసి గంటసేపు నవ్వుకుంటూ కూర్చున్నాడు. ఆ మిగతా సగం అలాగే ఉంది. మనిషిని పెట్టి తుడిపించబుద్ధి కాలేదు.

మేక గురించి కూడా అడిగావు. బీల్కా బాగానే ఉంది. ఆ మిగిలిన ఒక్క కొమ్ముతోనే తలుపు తీసుకుని దుంపల గదిలోకి పోతోంది. "మా భుజం మీద బ్యాడ్జీ చూసి మీరు నిజంగా మేకే అనుకున్నారా?" అని రాశావు. మీ ఇద్దరూ ఆ మాట చెప్పుకుని ఎంత నవ్వుకున్నారో కూడా రాశావు. ఆ సంగతి నీకు మార్క్యాన్ ఎలా చెప్పాడో గానీ, జరిగింది ఇది. మీరిద్దరూ యూనిఫాంలో పట్నంలో ఆ రంగుల జెండాల ఊరేగింపులో నడిచిన ఫోటో మా ఊరికి వచ్చేసింది. హాల్యా నీకు గుర్తుండే ఉంటుంది, మా పక్కింటావిడ, సమాధి దగ్గర అందరికన్నా గట్టిగా పాడింది. ఆవిడ ఫోను పట్టుకుని పొయ్యి దగ్గరికే వచ్చేసింది.

"ఏమే వసిలీనా, మీవాడి భుజం మీద ఈ జంతువేమిటే? అందరికీ సింహాలూ డేగలూ ఉంటే వీడికిదేమిటి?"

"మా బీల్కా," అన్నాను. "ఒంటికొమ్ము చూడలేదూ? చిన్నప్పటి నుంచి వాడికి దాని మీద ప్రాణం."

"సైన్యంలో మేక బొమ్మ పెట్టుకోనిస్తారా?"

"వాడు అడిగితే కాదంటారా?"

ఆవిడ నమ్మింది. ఊరంతా నమ్మింది. మార్క్యాన్ వచ్చినప్పుడు చెబితే కడుపు పట్టుకుని నవ్వాడు. "అది మేక కాదమ్మా, కథల్లో ఉండే ఒంటికొమ్ము గుర్రం. సైన్యంలో మాలాంటివాళ్ళు ఉంటే ఒంటికొమ్ము గుర్రాలూ ఉన్నట్టే అని ఎవడో వెటకారం చేశాడు. అందుకే ఆ గుర్రాన్నే కుట్టుకున్నాం" అన్నాడు. అవునా నాయనా అన్నాను. నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు ఇది కాదు. కింద రాస్తాను.

కోర్టుకు కావలసిన కాగితం సంగతి కూడా మరిచిపోలేదు. అది మరిచిపోయేది కాదు. వచ్చే నెల విచారణ అని రాశావు. నువ్వూ మార్క్యానూ మూడేళ్ళు ఖార్కివ్‌లో ఒకే ఇంట్లో ఒక కుటుంబంగా బతికారని వాడి తల్లి రాసి సంతకం పెడితే కోర్టు నిన్ను వాడి మనిషిగా ఒప్పుకోవచ్చు, లేకపోతే కాగితం మీద నువ్వు వాడికి ఎవరివీ కావు. నీ వెనక ఇంకా పదకొండు జంటలు ఇదే తీర్పు కోసం చూస్తున్నాయనీ రాశావు. "మీరు రాయకపోయినా నాకు కోపం రాదు" అని కూడా రాశావు. ఆ ముక్క చదివి నేను ఉత్తరం మడిచి మూడు రోజులు రొట్టెల పెట్టెలో పెట్టేశాను. కోపం రాదన్నవాడికి జవాబు చెప్పడం కోప్పడ్డవాడికి చెప్పడం కన్నా కష్టం.

మీ లాయరమ్మ పంపిన నమూనాలో ఒక ప్రశ్న ఉంది. "వారి సంబంధం మీకు ఎప్పటి నుంచి తెలుసు?" నా కలం ఆగిపోయింది అక్కడే.

నువ్వు కీవ్‌లో ఆ చట్టసభవాళ్ళ ముందు మాట్లాడింది చూశాను. వలలు అల్లే చోట ఇవాన్కా తన ఫోనులో నాకొక్కదానికే చూపించింది. బడి హాల్లో వలలు కట్టి, గుడ్డపేలికలు ముడులు వేస్తాం, ఫిరంగులు శత్రువుకు కనబడకుండా కప్పడానికి. నీ గొంతు వినగానే నా చేతులు ఆగిపోయాయి. "నేను చస్తే పతకం ఇస్తారు. గాయపడితే మాత్రం నా మనిషిని ఆస్పత్రిలో నా పక్కన కూర్చోనివ్వరు. నాకు పతకం వద్దు, ఆ కుర్చీ కావాలి" అన్నావు. బాగా చెప్పావు. చొక్కా మాత్రం ఇస్త్రీ చేసుకోలేదు. అంతమంది పెద్దవాళ్ళ ముందుకు వెళ్ళేటప్పుడు కాలర్ చూసుకోవద్దూ?

ఇవాన్కా అన్నాను కదా. మార్క్యాన్ శవపేటిక వెనక పెళ్ళికూతురిగా నడిచిన పిల్ల. నువ్వు పట్నంవాడివి, ఆ రోజు నీకు ఎంత అర్థమైందో తెలియదు. పెళ్ళి కాకుండా పోయిన కుర్రాడిని మా వైపు పెళ్ళి చేసి పంపుతారు. చొక్కాకి పెళ్ళిపువ్వు గుచ్చుతారు, పెళ్ళిరొట్టె చేసి శవపేటిక ముందు మోస్తారు, ఊళ్ళో ఒక పిల్ల మైనపుపూల కిరీటం పెట్టుకుని వెనక నడుస్తుంది. ఆ రోజు నుంచి ఆ పిల్ల ఆ ఇంటికి కోడలి లెక్క. ఆ పిల్లకి నిజంగా పెళ్ళి కుదిరితే వచ్చి కిరీటం తిరిగిచ్చి, నన్ను విడిపించమని అడగాలి.

పోయిన ఆదివారం ఇవాన్కా ఆ కిరీటం పాత దిండుగలీబులో చుట్టుకుని వచ్చింది.

"పిన్నీ, నన్ను విడిపించు."

"ఎవరు కట్టేశారే నిన్ను?"

"ఊరు. హాల్యా అత్త నన్ను ఇప్పటికీ 'వసిలీనా కోడలా' అనే పిలుస్తోంది. మొన్న నాజర్ ముందే పిలిచింది. వాడి మొహం నిప్పుల మీద వంకాయలా అయిపోయింది."

నాజర్ మంచి కుర్రాడు. ఒక కాలు యుద్ధానికి ఇచ్చి వచ్చి, ఇప్పుడు ఊరి కరెంటు పనులన్నీ చూస్తున్నాడు. నాకు సంతోషమే వేసింది, ఏడుపూ వచ్చింది. కిరీటం తీసుకుని, "పో తల్లీ, నువ్వు మా ఇంటికి ఏమీ బాకీ లేవు. వాడి పక్క చోటు ఇక ఖాళీయే" అన్నాను.

"ఖాళీ ఏమిటి పిన్నీ? అది యారెమాది కదా!"

నా చేతిలో కిరీటం ఉంది. కింద పడేయలేదు, అంతే.

"నీకెవరు చెప్పారే?"

"మార్క్యానే. తన గురించి తొమ్మిదో తరగతిలోనే చెప్పాడు, యారెమా గురించి పట్నం వెళ్ళాక. నేను వాడికి ప్రేమలేఖ రాస్తే, అందులో అక్షరదోషాలన్నీ ఎర్రసిరాతో దిద్ది తెచ్చిచ్చి, నాకు అమ్మాయిల మీద మనసు పోదే ఇవాన్కా, నీ మీద కోపమేం లేదు అన్నాడు. రెండు రోజులు ఏడ్చాను. దోషాలు దిద్దినందుకు."

"మరి తెలిసి పెళ్ళికూతురిగా ఎందుకు నడిచావే?"

"నువ్వు అడిగావు కదా. నీ మొహం చూసి ఎవరు కాదనగలరు? అయినా ఎవరో ఒకళ్ళు చోటు పట్టి ఉంచాలి కదా పిన్నీ. బస్సు కిటికీలోంచి సీటు మీద జేబురుమాలు వేస్తాం చూడు, నేను ఆ జేబురుమాలుని. ఇప్పుడు నా బస్సు వచ్చింది. అసలు మనిషిని వచ్చి కూర్చోమను."

నవ్వుతూనే అంది. పోతూ పోతూ నా వైపు తిరిగి, "నీకు తెలుసని వాడికి తెలుసా పిన్నీ?" అంది. వాడంటే నువ్వు.

ఇప్పుడు రాస్తాను యారెమా. రాయకుండా ఈ ఉత్తరం ముగించడానికి రెండు పేజీల నుంచి చూస్తున్నాను.

నీ ఉత్తరంలో ఇలా రాశావు: "మార్క్యాన్ మీకు నా గురించి చెప్పే లోపే పోయాడు. తెలియక నన్ను తోటి సైనికుడు అన్నారు, అందులో మీ తప్పేముంది?" నాయనా, వాడు చెప్పకుండా పోలేదు. చెప్పాడు. చివరి సెలవులో, అక్టోబరులో, మేము దుంపలు తవ్వుతుంటే చెప్పాడు. పట్టపగలు, ఎండలో, పలుగు చేతిలో పట్టుకుని.

"అమ్మా, పెళ్ళికాకుండా పోయినవాడికి మన ఊళ్ళో ఏం చేస్తారో గుర్తుందిగా?"

"నోరు ముయ్. నాలుక మీద మంచిమాటే రాదా నీకు?"

"మూసుకుంటాను. ఒక్కటి విను. నేను పెట్టెలో వస్తే నా వెనక ఏ పిల్లనీ ముస్తాబు చేసి నడిపించకు. నాకు మనిషున్నాడు. యారెమా నడుస్తాడు. రొట్టె వాడే మోస్తాడు."

"రొట్టె ఆడవాళ్ళే మోస్తారు," అన్నాను.

చూశావా, ఏ మాటకు జవాబు చెప్పానో. బిడ్డ గుండె తెరిచి చూపిస్తే, రొట్టె ఎవరు మోస్తారని తగువు పెట్టుకున్నాను. వాడు నవ్వాడు. "నలభై కిలోల డ్రోన్ బ్యాటరీలు మోసేవాడు రొట్టె మోయలేడా? మాట ఇయ్యమ్మా" అన్నాడు. చూద్దాంలే అన్నాను. మా ఊళ్ళో చూద్దాంలే అంటే కాదు అని. వాడు ఈ ఊళ్ళో పుట్టినవాడు, వాడికి తెలుసు. మళ్ళీ అడగలేదు. సంచీ నిండేదాకా దుంపలు ఏరాడు.

ఆ పైన వాడు పెట్టెలో వచ్చాడు. ఆఫీసరు పుస్తకం తెరిచి, "దగ్గరివాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అమ్మా?" అని అడిగాడు. నువ్వు ఆయనకు రెండడుగుల దూరంలో టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డావు. నేనొక్కదాన్నే అన్నాను. "మరి ఈయన?" అన్నాడు. తోటి సైనికుడు అన్నాను. ఆ సాయంత్రమే నేను స్వయంగా ఇవాన్కా ఇంటికి నడిచి వెళ్ళి, పెళ్ళికూతురిగా నడవమని అడిగాను. వాడు వద్దన్నదే చేశాను. ఊరు ఏమంటుందో అని. పోయిన బిడ్డ మాట కన్నా బతికున్న హాల్యా మాటకి భయపడ్డాను.

వాణ్ణి సమాధి చేసిన రోజు నువ్వు బేరిచెట్ల అవతల, కంచె దగ్గర నిలబడ్డావు. సమాధి దగ్గర రొట్టె పంచుతూ నీ దాకా వచ్చాను, నీ మొహం చూడకుండా ముక్క చేతిలో పెట్టాను. ఆ ముక్క ఇంకా నీ జేబులో ఉందనీ, ఎండి రాయి అయిందనీ రాశావు. అది చదివి మాత్రం నేను గట్టిగా ఏడ్చాను. తినెయ్ నాయనా. పెళ్ళిరొట్టె దాచుకునేది కాదు. టీలో నానబెట్టుకుని తిను.

ఇక మేక సంగతి. నేను రైతుకూతురిని యారెమా. గుర్రానికీ మేకకీ తేడా నాకు తెలియదా? హాల్యా ఫోటో చూపించిన క్షణమే తెలిసింది. ఫోటోలో నువ్వు వాడి కాలర్ సరిచేస్తున్నావు. వాడు చిన్నప్పటి నుంచి ఎవరినీ కాలర్ ముట్టుకోనిచ్చేవాడు కాదు, నన్ను కూడా. ఆ చెయ్యి చూసి అర్థం చేసుకున్నాను. మేక అన్నది హాల్యా కోసం. వాడితో కూడా మేకే అన్నాను, ఎందుకంటే గుర్రం అంటే మాట్లాడుకోవలసి వస్తుంది. ఆ అబద్ధానికి మీరిద్దరూ అంత నవ్వుకున్నారు. వాడు నవ్వింది అబద్ధమని తెలిసే అయి ఉంటుందని ఇప్పుడనిపిస్తోంది. నాకు తప్పించుకునే దారి వదిలిపెట్టాడు.

అంచేత కాగితం మీద నిజమే రాశాను. కొడుకు పోయాక తెలిసిందని రాస్తే నాకు పరువు దక్కేది, నీకు కేసు పోయేది. సోమవారం బస్సెక్కి పట్నం వెళ్ళి, నోటరీ ముందు కూర్చుని, నా చేత్తో రాశాను. "నా కొడుకూ యారెమా కలిసి బతుకుతున్న సంగతి వాడు పోవడానికి ఏడాదిన్నర ముందు ఫోటో చూసి గ్రహించాను. అక్టోబరులో మావాడే తన నోటితో చెప్పాడు. ఆఫీసరు అడిగినప్పుడు నేను అబద్ధం చెప్పాను. యారెమా మా వాడి కుటుంబం." నోటరీ పడుచుపిల్ల, "అబద్ధం చెప్పాను అనే ముక్క అవసరం లేదమ్మా, తీసేద్దామా?" అంది. ఉండనీ తల్లీ అన్నాను. కోర్టు పిలిస్తే వస్తాను కూడా. మంచి కండువా ఒకటి ఉంది.

నన్ను క్షమించమని నిన్ను ఈ ఉత్తరంలో అడగడం లేదు. వచ్చాక, మొహం చూసి అడుగుతాను. మొహం చూడకుండా ఒకసారి చేసింది చాలు.

ఇంకొక్క సంగతి, ఇది సంతోషంగానే రాస్తున్నాను. ఇవాన్కా పెళ్ళి ఈస్టర్ వెళ్ళిన రెండో ఆదివారం. నిన్ను తప్పకుండా రమ్మంది, నీ సెలవు అప్పుడే కదా. నిన్న బడి హాల్లో వలలు అల్లుతూ హాల్యా పెళ్ళిరొట్టె పిండి కలపడానికి మనుషులను లెక్కపెట్టడం మొదలెట్టింది. ఏడుగురు ముత్తైదువలు కావాలి. తోడు పోయినవాళ్ళు పిండి ముట్టుకోకూడదు, కొత్త జంటకు అరిష్టం. ఇదివరకు వీధికి ఏడుగురు దొరికేవాళ్ళు. ఇప్పుడు వేళ్ళు ముడవడం మొదలెట్టి అయిదు దగ్గర ఆగిపోయింది పాపం.

"నువ్వు కాదు వసిలీనా, ఏమనుకోకే."

"ఏమనుకుంటాను? నాకు తెలియదా? యారెమా కూడా ముట్టుకోడులే. వాడూ వస్తున్నాడు."

"ఏ యారెమా? ఆ పొడుగాటి సైనికుడా? మగవాడికేమిటే పట్టింపు?"

"మగవాడికి కాదు. తోడు పోయినవాడికి. నాకు నా మొగుడు పోయాడు. వాడికి మా మార్క్యాన్ పోయాడు."

పదిమంది చేతుల్లో కత్తెరలు ఆగిపోయాయి. స్తెఫా తన పేలికలు సంచీలో కుక్కుకుని లేచి వెళ్ళిపోయింది. ఆవిడ కొడుకు ఇంకా బందీగా ఉన్నాడు, ఆవిడను ఏమీ అనలేను. హాల్యా మాత్రం కత్తెర కింద పెట్టి నా వైపు తిరిగింది.

"అయితే... ఆ బొమ్మ మేక కాదన్నమాట."

"కాదు. గుర్రం."

"నాకప్పుడే అనుమానం వచ్చిందే! మేకకి అంత జూలెక్కడిది అని."

ఎవరో కిసుక్కున నవ్వారు. నేనూ నవ్వాను, కళ్ళు తుడుచుకుంటూ. హాల్యా గొంతు సవరించుకుని, వలలో ఒక ముడి బిగించి, తీర్పు చెప్పినట్టు చెప్పింది: "ఏమైనా సరే, ఆచారం ఆచారమే. ఆ అబ్బాయిని పిండి దగ్గరికి రానిచ్చేది లేదు. నువ్వూ వాడూ అవతల బెంచీ మీద కూర్చోండి. ఊరికే కూర్చోవడం దేనికి, పొయ్యిలో కట్టెలు చూసుకోండి. పొయ్యికి పట్టింపు లేదు."

యారెమా, ఆ ముసలిది నిన్నూ తోడు పోయినవాళ్ళ లెక్కలో వేసి పిండి ముట్టుకోవద్దంది. నువ్వు కీవ్‌లో పెద్దవాళ్ళను అడిగిన మాట ఆవిడ మా బడి హాల్లో ఇచ్చేసింది, ఇచ్చానని ఆవిడకే తెలియదు. మనసు తేలికపడి ఇంటికి నడిచి వచ్చాను. ఇవాళ పొద్దున స్తెఫా మళ్ళీ హాలుకు వచ్చింది. నాతో మాట్లాడలేదు. కానీ నా పక్కనే కూర్చుంది.

అందుకని శనివారం మధ్యాహ్నానికల్లా వచ్చెయ్. వస్తూనే పొయ్యి గొట్టం మిగతా సగం తుడవాలి, అది నీ వంతు. తర్వాత ఇవాన్కా వాళ్ళ ఇంటికి వెళ్దాం. ఆడవాళ్ళు పాడుతూ పిండి పిసుకుతారు. మనమిద్దరం బెంచీ మీద కూర్చుని చూద్దాం. చెయ్యి ఊరుకోకపోతే ఒళ్ళో పెట్టుకో. నేనూ నా చేతులు ఒళ్ళోనే పెట్టుకుంటాను. మర్నాడు పంచేటప్పుడు నీ ముక్క నేనే తెచ్చి ఇస్తాను. ఈసారి నీ మొహం చూసి ఇస్తాను.

నీ కన్నతల్లి పోయి ఇరవై ఏళ్ళయిందని మార్క్యాన్ చెప్పాడు. ఆవిడ చోటు నాకు అక్కర్లేదు, అది ఆవిడదే. మరి ఏమని పిలవాలి అన్నావు కదా. కిందనుంది చూసుకో.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ,
వసిలీనా